పాత ఫోనులో గూగుల్ లేని ఆండ్రాయిడ్: ఏ పని ముందు, ఏది తర్వాత

ఫోనులోంచి గూగుల్‌ను తీసేయాలనుకునేవారు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: బూట్‌లోడర్ ఎలా తెరవాలి? బూట్‌లోడర్ అంటే ఫోను ఆన్ కాగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాం. దాని తాళం తీస్తేనే వేరే సిస్టమ్ ఎక్కుతుంది. ఆ తాళం తీయడం చివరికి దగ్గరలో చేయవలసిన పని. దానికి ముందు రెండు మూడు వారాల సన్నాహం ఉంది. సన్నాహం సరిగ్గా ఉంటే అసలు పని ఒక మధ్యాహ్నంలో ముగుస్తుంది. లేకపోతే ఫోటోలు, బ్యాంకు కోడ్‌లు లేదా బంధువుల నంబర్లు పోతాయి. పోయాక తిరిగి రావు.

ఏది తీస్తున్నామో మొదట స్పష్టంగా ఉండాలి. ఆండ్రాయిడ్ పునాది ఓపెన్ సోర్స్. ఎవరైనా ఆ కోడ్ తీసుకుని వాడుకోవచ్చు. దాని మీద గూగుల్ పేర్చిన ప్లే స్టోర్, ప్లే సర్వీసెస్ వంటివి మూసి ఉన్న సాఫ్ట్‌వేర్. మనం విప్పుతున్నది ఆ పై పొరనే.

ఇప్పుడే మొదలుపెట్టమనడానికి కారణం ఉంది. గూగుల్ ధ్రువీకరణ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒక యాప్ ఎక్కాలంటే, దాని తయారీదారు తన గుర్తింపును తమ దగ్గర నమోదు చేసుకొని ఉండాలని 2025 ఆగస్టులో ఆ సంస్థ ప్రకటించింది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో మొదలుపెట్టి, 2027 నుంచి మిగతా దేశాలకు విస్తరిస్తామంది. విమర్శలు వచ్చాక, అనుభవం ఉన్నవారికి వేరే దారి ఉంచుతామని 2025 నవంబరులో చెప్పింది. మన డబ్బుతో కొన్న ఫోనులో ఏ యాప్ ఎక్కాలో మరొకరు నిర్ణయించడం నాకు ఒప్పుదల కాదు. ఆ ధ్రువీకరణతో పనిలేని ఫోను ఒకటి ఇంట్లో సిద్ధంగా ఉండాలని నేననుకుంటాను.

1. ఎంత దూరం వెళ్లాలో తేల్చుకోండి

మూడు మెట్లున్నాయి. ఎక్కడ ఆగినా పడిన శ్రమ వృథా కాదు.

- మొదటి మెట్టు: ఇప్పుడున్న ఫోనులోనే యాప్‌లు మార్చడం. ప్రమాదమేమీ లేదు.
- రెండో మెట్టు: అదే ఫోనులో గూగుల్ యాప్‌లను నిద్రపుచ్చి, ఖాతా తీసేయడం.
- మూడో మెట్టు: ఫోనులోని ఆపరేటింగ్ సిస్టమ్‌నే మార్చడం. దీనికి పాత ఫోను వాడండి. రోజూ వాడే ఫోను మీద మొదటి ప్రయోగం చేయకండి.

రెండో మెట్టులో చాలా యాప్‌లకు ‘డిజేబుల్’ మాత్రమే కనిపిస్తుంది, ‘అన్‌ఇన్‌స్టాల్’ ఉండదు. ఫోనుతో వచ్చిన గూగుల్ యాప్‌లను తీసేసే వీలు లేకపోవడం, 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసినప్పుడు తప్పుబట్టిన విషయాల్లో ఒకటి. ప్రస్తుతానికి డిజేబుల్ చేసినా చాలు, ఆ యాప్ పనిచేయడం ఆగిపోతుంది.

2. సరంజామా

ఇంట్లో పాత ఫోను లేకపోతే అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో దొరుకుతుంది. కొనేముందు ఏడో అంచె చదవండి. ఏ మోడల్ అయినా పనికొస్తుందనుకుని కొంటే డబ్బు దండగ.

కేబుల్ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ, నా మొదటి ప్రయత్నంలో రెండు గంటలు దానికే పోయాయి. ఫోను ఛార్జ్ అవుతోంది, కంప్యూటర్‌కు మాత్రం కనిపించడం లేదు. డ్రైవర్లు తీసి మళ్లీ పెట్టాను, కంప్యూటర్ మార్చాను. చివరికి తేలిందేమిటంటే, ఆ కేబుల్ లోపల విద్యుత్తు తీగలే ఉన్నాయి, డేటా తీగలు లేవు. కోఠి గుజరాతీ గల్లీలో మరో కేబుల్ కొని తగిలించగానే ఫోను కనిపించింది. మీరు కొనేటప్పుడు దుకాణంలోనే ఫోనుకు తగిలించి, ఒక ఫోటో కంప్యూటర్‌లోకి కాపీ అవుతుందో లేదో చూడండి.

దగ్గర పెట్టుకోవలసినవి:

- డేటా వెళ్లే కేబుల్, వీలైతే రెండు
- విండోస్ లేదా లైనక్స్ కంప్యూటర్. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా
- గూగుల్ డెవలపర్ సైట్‌లో ఉచితంగా దొరికే ప్లాట్‌ఫామ్ టూల్స్. కంప్యూటర్ నుంచి ఫోనుకు ఆదేశాలు పంపే ఏడీబీ, ఫాస్ట్‌బూట్ రెండూ అందులోనే ఉంటాయి
- బ్యాకప్ కోసం పెన్‌డ్రైవ్ లేదా హార్డ్‌డిస్క్
- కాగితం, పెన్ను. పాస్‌వర్డ్‌లు ఫోనులోనే ఉంచుకుని ఫోను తుడిచేసినవారు నాకు తెలుసు

3. బ్యాకప్: అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి

బూట్‌లోడర్ తెరిచిన క్షణంలో ఫోనులోని డేటా మొత్తం చెరిగిపోతుంది. అందులో మినహాయింపులు ఆశించకండి.

కాంటాక్టులు. కాంటాక్ట్స్ యాప్‌లో ‘ఎగుమతి’ నొక్కితే వీసీఎఫ్ ఫైలు వస్తుంది. దాన్ని కంప్యూటర్‌లోకి తెచ్చి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. మా అమ్మ ఫోనులో పేర్లన్నీ తెలుగులోనే ఉండేవి: ‘పాల రాజయ్య’, ‘వరంగల్ పిన్ని’. ఫైలు తెరిస్తే పేర్ల స్థానంలో సమాన గుర్తులు, అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలు వరుసగా కనిపించాయి. వీసీఎఫ్ పాత రూపం తెలుగు అక్షరాలను అలా సంకేతాలుగా మార్చి రాస్తుంది. చాలా యాప్‌లు వాటిని తిరిగి తెలుగులోకి మార్చి చదువుతాయి, కొన్ని చదవలేవు. అందుకే ఫోను తుడవక ముందే ఆ ఫైలును వేరే ఫోనులోకి దిగుమతి చేసి, తెలుగు పేర్లు సరిగ్గా వచ్చాయో లేదో చూడండి. రాకపోతే ఫాసిఫై కాంటాక్ట్స్ వంటి మరో యాప్ నుంచి ఎగుమతి చేసి, అదే పరీక్ష మళ్లీ చేయండి.

ఫోటోలు. గూగుల్ ఫోటోస్‌లో ఉన్నవి ఫోనులోనూ ఉన్నాయనుకోకండి. ‘స్థలం ఖాళీ చేయి’ నొక్కి ఉంటే అసలు ప్రతులు ఫోనులో ఉండవు. మన డేటా ప్రతిని గూగుల్ నుంచి దించుకునే సేవ గూగుల్ టేకౌట్. అందులో మొత్తం ఖాతాను ఒకేసారి అడగవచ్చు. తయారవడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది కాబట్టి మొదటి రోజే అడగండి.

రెండంచెల కోడ్‌లు, అంటే పాస్‌వర్డ్ తర్వాత లాగిన్ అడిగే అంకెలు. అందరూ మరిచిపోయేది ఇదే. గూగుల్ ఆథెంటికేటర్‌లో ‘ఖాతాల బదిలీ’ నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది. రెండో ఫోనులో ఏజిస్ అనే ఓపెన్ సోర్స్ యాప్ పెట్టి దాన్ని స్కాన్ చేయండి. ఆ తర్వాత ఒక ఖాతాలోకి ఏజిస్ కోడ్‌తోనే లాగిన్ అయి చూడండి. పనిచేసిందంటే బదిలీ పూర్తయినట్టు.

వాట్సాప్. గూగుల్ డ్రైవ్‌లోని బ్యాకప్, గూగుల్ లేని ఫోనులో ఉపయోగపడదు. సెట్టింగులలో ‘ఇప్పుడే బ్యాకప్’ నొక్కి, ఫోను మెమరీలో ఆండ్రాయిడ్ ఫోల్డరు, అందులో మీడియా ఫోల్డరు తెరిస్తే వాట్సాప్ పేరుతో ఫోల్డరు ఉంటుంది. దాన్ని మొత్తంగా కంప్యూటర్‌లోకి తీసుకోండి.

సరిచూసుకునే పట్టిక:

- కాంటాక్టులు వేరే ఫోనులో తెరిచి చూశాను
- ఫోటోలు హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి, పది యాదృచ్ఛికంగా తెరిచి చూశాను
- ఏజిస్ కోడ్‌తో ఒక లాగిన్ అయింది
- వాట్సాప్ ఫోల్డరు కాపీ అయింది
- ఎస్సెమ్మెస్‌లు అవసరమైతే వాటినీ ఎగుమతి చేశాను
- ముఖ్యమైన పాస్‌వర్డ్‌లు కాగితం మీద ఉన్నాయి

4. యాప్‌లు మార్చండి, వారానికి రెండు చొప్పున

ఎఫ్-డ్రాయిడ్ 2010 నుంచి ఉన్న ఓపెన్ సోర్స్ యాప్‌ల భాండాగారం. ఖాతా అడగదు. యాప్‌లను సాధారణంగా వాటి సోర్స్ కోడ్ నుంచి తామే నిర్మించి ఇస్తుంది. ఏ యాప్‌లోనైనా నిఘా వంటి అవాంఛిత లక్షణాలుంటే ఆ యాప్ పేజీలోనే చెబుతుంది.

పెట్టే క్రమం:

1. బ్రౌజర్‌లో ఎఫ్-డ్రాయిడ్ అధికారిక సైటు తెరిచి ఏపీకే ఫైలు, అంటే యాప్‌ను ఎక్కించే ఫైలు, దించుకోండి. పేరు టైప్ చేసి వెతికితే ప్రకటనల్లో నకిలీ సైట్లు కనిపించవచ్చు. చిరునామా సరిచూడండి.
2. ఫైలు నొక్కితే ‘తెలియని యాప్‌లు’ అనుమతి అడుగుతుంది. బ్రౌజర్‌కు ఆ అనుమతి ఇవ్వండి.
3. ఎఫ్-డ్రాయిడ్ ఎక్కాక, సెట్టింగులకు వెళ్లి బ్రౌజర్‌కు ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోండి. ఈ అంచె దాదాపు అందరూ వదిలేస్తారు. ఆ తలుపు తెరిచి ఉంటే, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే దొంగ ఏపీకేలకు సగం దారి మీరే చూపినట్టు.
4. ఎఫ్-డ్రాయిడ్ తెరిచి, జాబితా పూర్తిగా దిగేదాకా ఆగండి.

ఇక యాప్‌లు. యూట్యూబ్‌కు న్యూపైప్, పాస్‌వర్డ్‌లకు కీపాస్‌డీఎక్స్, పాడ్‌కాస్ట్‌లకు యాంటెనాపాడ్, ఫోటోలు చూడటానికి ఫాసిఫై గ్యాలరీ, ఫోనుకూ కంప్యూటర్‌కూ మధ్య ఫైళ్లకు లోకల్‌సెండ్. వీటి గురించి పెద్దగా చెప్పవలసింది లేదు, పెట్టిన రోజే అలవాటవుతాయి.

మ్యాప్ సంగతి వేరు. ఆర్గానిక్ మ్యాప్స్ లేదా ఓస్మాండ్ పెట్టి తెలంగాణ మ్యాప్ దించుకుంటే నెట్ లేకుండానే పనిచేస్తుంది. ఈ రెండూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారాన్నే వాడతాయి. నడకదారులకు, పాతబస్తీ సందులకు నేను వీటినే నమ్ముకుంటాను. కానీ సాయంత్రం ఆరున్నరకు ఎల్బీనగర్ దగ్గర వాహనాలు ఎంత బారున ఆగాయో ఇవి చెప్పలేవు. కారు నడిపేవారు ఆ లోటు తెలిసి దిగాలి. మీ వీధి పేరు లేకపోయినా, బస్టాపు తప్పుగా ఉన్నా స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్‌తో మీరే సరిచేయవచ్చు. ‘ఈ బస్టాపుకు నీడ ఉందా?’ వంటి చిన్న ప్రశ్నలు అడుగుతుంది. మీరు నిలబడిన చోటు నుంచే జవాబిచ్చేయవచ్చు.

సాధారణ తప్పు: ప్లే స్టోర్ నుంచి పెట్టిన యాప్‌నే ఎఫ్-డ్రాయిడ్ నుంచి అప్‌డేట్ చేయబోతే, సంతకం సరిపోలేదని ఆగిపోవచ్చు. రెండుచోట్లా ఆ యాప్‌కు వేసే డిజిటల్ సంతకం వేరు. పాతది తీసేసి కొత్తది పెట్టాలి. తీసేముందు ఆ యాప్‌లోని డేటాను ఎగుమతి చేసుకోవాలి.

5. తెలుగు కీబోర్డు

గూగుల్ కీబోర్డుకు అలవాటుపడ్డవారు ఈ అంచె దగ్గరే వెనక్కి తిరుగుతారు. ‘అమ్మ’ను ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి తెలుగులో పొందడం అలవాటైన వేళ్లకు మార్పు కష్టమే.

ఎఫ్-డ్రాయిడ్‌లో హీలీబోర్డ్ ఉంది. సెట్టింగులలో భాషలు తెరిచి తెలుగు చేర్చుకోండి. అందులో నేరుగా తెలుగు అక్షరాల మీటలుంటాయి. ఇంగ్లిష్ అక్షరాలతోనే రాయాలనుకునేవారు ఇండిక్ కీబోర్డ్ ప్రయత్నించండి. ఏది ఎంచుకున్నా, ఇప్పటి ఫోనులోనే రెండు వారాలు వాడి చూడండి. మొదటి నాలుగు రోజులు వేగం తగ్గుతుంది, ఆ తర్వాత ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడున్నాయో వేళ్లకే తెలిసిపోతుంది. మీరు కొట్టే ప్రతి అక్షరమూ కీబోర్డు గుండానే వెళుతుంది. ఒకే ఒక్క యాప్ మారుస్తానంటే కీబోర్డే మార్చమంటాను.

6. డబ్బు వ్యవహారం ముందే తేల్చుకోండి

చాలా బ్యాంకు, యూపీఐ యాప్‌లు ఫోను బూట్‌లోడర్ తెరిచి ఉందా, గూగుల్ పరీక్షలో నెగ్గిందా అని చూస్తాయి. నెగ్గకపోతే తెరుచుకోవు. ఈ రోజు పనిచేసిన యాప్ రేపటి అప్‌డేట్‌తో ఆగిపోవచ్చు. దాన్ని ఏమార్చే చిట్కాలు నెట్‌లో ఉంటాయి కానీ, డబ్బుతో ముడిపడిన యాప్ మీద వాటిని నేను సిఫారసు చేయను.

మూడు దారులున్నాయి:

- రెండు ఫోన్లు. బ్యాంకుకు నమోదైన సిమ్ మామూలు ఫోనులో ఉంచి, అందులో బ్యాంకు యాప్‌లు తప్ప మరేమీ పెట్టకండి. యూపీఐ నమోదుకు ఆ సిమ్ నుంచే ఎస్సెమ్మెస్ వెళ్లాలి కాబట్టి సిమ్ అటే ఉండాలి. నేను చేస్తున్నది ఇదే.
- బ్రౌజర్. నెట్ బ్యాంకింగ్, డిజిలాకర్ రెండూ బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి.
- స్టార్ 99 హ్యాష్. బ్యాంకుకు నమోదైన నంబరు నుంచి డయల్ చేస్తే, నెట్, యాప్ లేకుండానే యూపీఐ చెల్లింపు చేయవచ్చు. ఒకసారికి 5,000 రూపాయలు దాటనివ్వదు.

కిరాణా కొట్టు దగ్గర నిలబడి ఇబ్బంది పడకుండా, మొదటి నెల జేబులో కొంత నగదు ఉంచుకోండి.

7. మోడల్ సరిచూడటం

మనం ఎక్కించబోయేది లీనియేజ్ ఓఎస్, గూగుల్ యాప్‌లు లేకుండా వచ్చే ఓపెన్ సోర్స్ ఆండ్రాయిడ్. దాని సైటులో ఏ ఫోన్లకు మద్దతుందో జాబితా ఉంది. ప్రతి ఫోనుకూ ఒక సంకేతనామం ఉంటుంది. అమ్మే పేరు చూసి ఫైలు దించకండి, సంకేతనామం చూడండి. రెడ్‌మీ నోట్ 7 సంకేతనామం లావెండర్, నోట్ 7 ప్రో సంకేతనామం వయొలెట్. చేతిలో పట్టుకుంటే రెండూ ఒకేలా ఉంటాయి. ఒకదాని ఫైలు మరొకదానికి ఎక్కిస్తే ఫోను పాడయ్యే ప్రమాదముంది.

బూట్‌లోడర్ తెరిచే వీలుందా అన్నది రెండో ప్రశ్న. కొన్ని కంపెనీలు అసలు తెరవనివ్వవు. కొన్ని తమ ఖాతాను ఫోనుకు జోడించమని, ఆగమని అంటాయి. కొన్ని షావోమీ మోడళ్లలో 168 గంటలు ఆగవలసి వచ్చేది. గూగుల్ తయారుచేసే పిక్సెల్ ఫోను ఉన్నవారికి గ్రాఫీన్ ఓఎస్ అనే మరో ఓపెన్ సోర్స్ ఆండ్రాయిడ్ కూడా ఉంది. అది పిక్సెల్‌లకే వస్తుంది. దాన్ని ఎక్కించాక బూట్‌లోడర్‌ను మళ్లీ మూసేయవచ్చు కాబట్టి, భద్రతలో అది మెరుగు.

పాత ఫోను కొనడానికి వెళ్లినప్పుడు దుకాణంలోనే చూడవలసినవి: సెట్టింగులలో ‘ఫోను గురించి’ తెరిచి ఖచ్చితమైన మోడల్ నంబరు, డెవలపర్ ఆప్షన్లలో (వాటిని తెచ్చే తీరు ఎనిమిదో అంచెలో ఉంది) బూట్‌లోడర్ తెరవడానికి అనుమతిచ్చే ‘ఓఈఎం అన్‌లాకింగ్’ మీట నొక్కడానికి వస్తుందా, పాత యజమాని ఖాతా తీసేశారా.

8. బూట్‌లోడర్ తెరవడం

1. ఫోను బ్యాటరీ సగానికి పైన ఉండాలి.
2. ‘ఫోను గురించి’లో బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కండి. డెవలపర్ ఆప్షన్లు వస్తాయి.
3. అందులో ఓఈఎం అన్‌లాకింగ్, కంప్యూటర్ ఆదేశాలను ఫోను అందుకునేలా చేసే యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయండి.
4. కేబుల్ తగిలించండి. ఫోను తెరమీద అనుమతి అడిగితే ఇవ్వండి.
5. లీనియేజ్ వికీలో మీ సంకేతనామం పేజీ తెరిచి, అక్కడున్న ఆదేశాన్ని అక్షరం పొల్లుపోకుండా కాపీ చేసి వాడండి. యూట్యూబ్ వీడియో చూసి చేయకండి. ఆ వీడియో ఏ వెర్షన్ కోసం తీశారో మీకు తెలియదు.
6. ఫోను తెరమీద హెచ్చరిక వస్తుంది. శబ్దం మీటలతో ‘అన్‌లాక్’కు వెళ్లి, పవర్ మీట నొక్కండి. డేటా ఇక్కడే చెరిగిపోతుంది.

సామ్‌సంగ్ ఫోన్లలో ఫాస్ట్‌బూట్ ఉండదు, డౌన్‌లోడ్ మోడ్ ఉంటుంది. దారి పూర్తిగా వేరు, వాటి పేజీనే చదవండి.

9. లీనియేజ్ ఎక్కించడం

1. వికీ అడిగిన ఆండ్రాయిడ్ వెర్షన్ ఫోనులో ముందే ఉండాలి. తక్కువైతే కంపెనీ అప్‌డేట్‌తో అక్కడికి తెచ్చుకోండి. వెనక్కి, అంటే పాత వెర్షన్‌కు వెళ్లే ప్రయత్నం చేయకండి. కొన్ని ఫోన్లు దానితో శాశ్వతంగా మూతపడతాయి.
2. దించిన ఫైలు చెక్‌సమ్‌ను, అంటే ఫైలు చెడలేదని తేల్చే అక్షరాల వరుసను, సైటులో ఇచ్చినదానితో పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైలు పారేసి మళ్లీ దించుకోండి.
3. వికీ చెప్పిన రికవరీని, అంటే ఫోనును తుడవడానికి, కొత్త సిస్టమ్ ఎక్కించడానికి వాడే చిన్న ప్రోగ్రాంను, ఫాస్ట్‌బూట్‌తో ఎక్కించండి.
4. వెంటనే రికవరీలోకే వెళ్లండి. మధ్యలో మామూలుగా ఆన్ అయితే, కొన్ని ఫోన్లు పాత రికవరీని తిరిగి రాసేస్తాయి.
5. రికవరీలో ఫ్యాక్టరీ రీసెట్, అందులో ఫార్మాట్ డేటా.
6. అప్లై అప్‌డేట్, తర్వాత అప్లై ఫ్రమ్ ఏడీబీ ఎంచుకుని, కంప్యూటర్ నుంచి లీనియేజ్ ఫైలు సైడ్‌లోడ్ చేయండి, అంటే కేబుల్ ద్వారా ఫోనులోకి ఎక్కించండి.
7. రీబూట్.

ఆరో అంచెలో చాలామంది గుండె జారేది 47 శాతం దగ్గర. కంప్యూటర్ తెరమీద అంకె 47 దగ్గరే నిలిచిపోయి, విఫలమైందన్నట్టు ఒక వాక్యం వస్తుంది. కేబుల్ పీకకండి. కొన్ని ఫోన్లలో పని పూర్తయినా అలాగే చూపిస్తుంది. ఫోను తెరమీద ఏముందో చూడండి. అక్కడ తప్పు ఏదీ లేకపోతే ముందుకు వెళ్లవచ్చు.

మొదటిసారి ఆన్ అవడానికి పదిహేను నిమిషాల వరకు పట్టవచ్చు. ఫోను పక్కన పెట్టి టీ పెట్టుకోండి.

గూగుల్ సేవలు లేకపోతే కొన్ని యాప్‌లకు నోటిఫికేషన్లు రావు. అది ఇబ్బందైతే మైక్రోజీ అనే ఓపెన్ సోర్స్ ప్రత్యామ్నాయం ముందే కలిపి ఇచ్చే ‘లీనియేజ్ ఓఎస్ ఫర్ మైక్రోజీ’ని ఆరో అంచెలో ఎంచుకోవచ్చు.

ఎప్పుడూ చేయకూడనిది: లీనియేజ్ ఎక్కించాక బూట్‌లోడర్‌ను తిరిగి మూయడం. ఫోను ఇక ఆన్ కాకపోవచ్చు.

10. మొదటి రోజు

- స్క్రీన్ లాక్ పెట్టండి. బూట్‌లోడర్ తెరిచి ఉన్న ఫోనుకు ఇది మరింత అవసరం
- యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆఫ్ చేయండి
- ఎఫ్-డ్రాయిడ్, కీబోర్డు, ఏజిస్ పెట్టి బ్యాకప్ తిరిగి ఎక్కించండి
- వాట్సాప్ వంటి మూసిన యాప్‌లు తప్పనిసరైతే షెల్టర్ అనే యాప్‌తో వేరే ప్రొఫైల్‌లో పెట్టండి. మీ కాంటాక్టులు, ఫోటోలు వాటికి కనిపించవు
- ప్లే స్టోర్‌లో మాత్రమే దొరికే ఉచిత యాప్ కావాలంటే అరోరా స్టోర్ వాడవచ్చు
- కాల్స్, 4జీ మీద వాయిస్, కెమెరా, జీపీఎస్, వేలిముద్ర ఒక్కొక్కటి పరీక్షించండి

11. చిక్కులు, పరిష్కారాలు

లోగో దగ్గరే తిరుగుతోంది: ఫార్మాట్ డేటా మరిచిపోయి ఉంటారు. రికవరీలోకి వెళ్లి అది చేయండి.

కంప్యూటర్‌కు ఫోను కనిపించడం లేదు: ముందు కేబుల్, తర్వాత పోర్టు, ఆ తర్వాత డ్రైవర్. ఇదే వరుస.

కాల్ వస్తే నెట్ ఆగిపోతోంది లేదా కాల్స్ రావడం లేదు: సిమ్ సెట్టింగులలో 4జీ కాలింగ్ ఆన్‌లో ఉందా చూడండి. జియోకు 2జీ, 3జీ లేవు కాబట్టి ఇది పనిచేయకపోతే కాల్స్ ఉండవు. ఫోను కొనేముందే ఆ మోడల్ వాడుతున్నవారిని అడగవలసిన ప్రశ్న ఇది.

జీపీఎస్ చోటు పట్టడానికి చాలాసేపు పడుతోంది: మొదటిసారి మేడమీదకో మైదానంలోకో వెళ్లి కొన్ని నిమిషాలు ఆగండి.

12. సాయం అడిగేటప్పుడు

హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఇంజనీరింగ్ కాలేజీల్లోనూ వారితో కలిసి పనిచేసే విద్యార్థులుంటారు. ఎవరిని అడిగినా ‘ఫోను పనిచేయడం లేదు’ అని మాత్రం అనకండి. ఇవి రాసుకుని వెళ్లండి:

- ఫోను సంకేతనామం, మోడల్ నంబరు
- ముందు ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ ఉండేది
- దించిన ఫైలు పూర్తి పేరు, తేదీ
- ఎన్నో అంచె దగ్గర ఆగింది
- కంప్యూటర్ తెరమీద, ఫోను తెరమీద వచ్చిన వాక్యాలు, ఉన్నవి ఉన్నట్టుగా. వేరే ఫోనుతో ఫోటో తీస్తే ఇంకా మంచిది